కనకాంబరాల పేజీలో మిగిలిన గడి

మా సిస్టరు గారు పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఆవిడ గురించి ఏడాది తిరిగాక, మనసు కుదుటపడ్డాక రాసినా తప్పు లేదు. కానీ నేను ఇప్పుడే రాయాలి. ఆవిడ వదిలి వెళ్ళిన నోట్‌బుక్కులో ఒక పేజీలో ఒక గడి ఖాళీగా ఉంది. అది నిండవలసిన రోజు దగ్గర పడింది. ఆ పేజీ ఎవరిదో వాళ్ళకి కబురు చేరాలంటే నాకు ఇంతకు మించిన దారి కనిపించలేదు.

నేను భీమవరం దగ్గర ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ మధ్యాహ్నం పనిలో ఉండగా మాస్టారు గారు ఫోన్ చేశారు. ఆయన సిస్టరు గారి భర్త.

“అమ్మాయ్, మీ సిస్టరు గారు అన్నం తిని పడుకుంది. మరి లేవలేదమ్మా” అన్నారు. తర్వాత, “నీకేదో పుస్తకం ఇమ్మని ఎప్పుడో చెప్పింది. వచ్చినప్పుడు తీసుకెళ్ళు” అన్నారు.

నా చేతిలో అప్పటికి ఎవరిదో రక్తం ఉంది. ఆ పరీక్ష పూర్తి చేసి, చీటీ రాసి, చేతులు కడుక్కుని అప్పుడు ఏడ్చాను. ముందు చేతిలో పని, తర్వాత మన గొడవ. ఆ వరస ఆవిడ నేర్పిందే.

ఆవిడ మా ఊళ్ళో ఏఎన్ఎం నర్సు. గర్భిణుల్ని చూడడం, పిల్లలకి టీకాలు వేయడం ఆవిడ ఉద్యోగం. తల్లో ఎప్పుడూ కనకాంబరాలే పెట్టుకునేవారు. మల్లెపూలు ఇస్తే తీసుకుని ఇంటికెళ్ళాక పెట్టుకుంటానని సంచిలో వేసుకునేవారు. ఎందుకండీ అని ఒకసారి అడిగాను. “నెల తప్పిన పిల్లలకి మల్లెల వాసన పడదే. నన్ను చూడగానే వాంతి చేసుకుంటే పరీక్ష ఎవరికి చేయను? కనకాంబరానికి వాసన లేదు. ఎవరికీ అడ్డం రాదు” అన్నారు.

ఆవిడకి ఇంకో పట్టుదల ఉండేది. మా వైపు తొలి పురుడు పుట్టింట్లోనే కదా. ఏడో నెలలో అమ్మాయిని తీసుకొస్తారు. అలా వచ్చిన ప్రతి అమ్మాయికీ ఆవిడ రక్తపరీక్షలన్నీ మొదటి నుంచి మళ్ళీ చేయించేవారు. అక్కడ చేశారండీ, అంతా బాగానే ఉందన్నారండీ అంటే వినేవారు కాదు. “అత్తారింట్లో చేసిన పరీక్ష కాగితం అత్తారింట్లోనే ఉండిపోతుంది. పిల్ల మాత్రం ఇక్కడ పుడుతుంది” అనేవారు. కొందరు విసుక్కునేవారు. మా అమ్మ కూడా విసుక్కుంది.

ఏడేళ్ళ కిందట మా అక్కని మండపేట నుంచి తీసుకొచ్చాం. బావ అక్కడ రైసు మిల్లులో పని చేస్తాడు. అక్క చెయ్యి చాచి రక్తం ఇస్తుంటే అమ్మ, “ఇప్పటికే రెండుసార్లు తీసారండీ, ఉన్న కాస్త రక్తమూ మీకే సరిపోతోంది” అంది.

“నేను తాగను కదండీ అక్కయ్యా” అన్నారు సిస్టరు గారు సూది తీస్తూ.

రెండు రోజుల తర్వాత అక్కని ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు చేరవేశారు. అక్క రక్తంలో హెపటైటిస్ బి ఉందని తేలింది. ఆ సంగతి ముందు అక్కకే చెప్పారు. తర్వాత, “ఎవరెవరికి చెప్పమంటావు? నువ్వు చెప్పమన్నవాళ్ళకే చెప్తాను” అని అడిగారట. అక్క మా ముగ్గురి పేర్లూ చెప్పింది. అమ్మ, నాన్న, నేను.

మండపేటలో కూడా ఆ పరీక్ష చేశారని తర్వాత తెలిసింది. మళ్ళీ రమ్మని కాగితం మీద రాశారు కూడా. అక్క అత్తగారు ఆ కాగితాన్ని తన ట్రంకు పెట్టెలో చీరల కింద దాచేసింది. ఆవిడకి అది చదవడం రాదు. చదివించుకుందామంటే ఏం బయటపడుతుందోనని భయం.

మా ఇంట్లో అందరికీ పరీక్ష చేశారు. నాన్నకీ నాకూ లేదు. అమ్మకి ఉంది. అక్కకి పుట్టినప్పుడే అమ్మ నుంచి వచ్చి ఉంటుందని చెప్పారు. అక్క మంత్రసాని చేతిలో పుట్టింది. నేను ఏడేళ్ళ తర్వాత పుట్టాను. అదే తల్లి కడుపున పుట్టినా నాకు ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేరన్నారు.  “అయితే నేనే ఇచ్చానాండీ దీనికి?” అంది అమ్మ.

సిస్టరు గారు అమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. “నీకు తెలిసి ఇచ్చావా? నీకు ఎవరిచ్చారో నీకు తెలుసా? మీ అమ్మని అడుగుదామంటే ఆవిడ లేదు. ఇప్పుడు అవన్నీ తవ్వి ఏం చేస్తాం అక్కయ్యా. దీని కడుపులో వాడిదాకా రాకుండా ఆపుదాం. ఆపడానికి మందుంది” అన్నారు.

ఆ మందు సంగతి ఆవిడ మాకు అన్నం కలిపి పెట్టినంత వివరంగా చెప్పారు. బిడ్డకి అంటుకునేది ఎక్కువగా పురిటి సమయంలోనే. అందుకని పెద్దాస్పత్రి డాక్టరు గారు రాసిన మాత్ర అక్క రోజూ వేసుకోవాలి. బిడ్డ పుట్టగానే ఒక తొడకి టీకా వేయాలి. ఇంకో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజక్షను పన్నెండు గంటల లోపు పడాలి. టీకా ఆస్పత్రిలో ఉంది. ఆ రెండో ఇంజక్షను మాత్రం ఆ నెల మా ఆస్పత్రిలో లేదు. భీమవరంలో ఒక మందుల షాపుకి ఆవిడే ఫోన్ చేసి, ఒకటి పక్కన పెట్టించారు. “నొప్పులు మొదలవగానే మీరెళ్ళి తెచ్చుకోవాలి. చల్లగా తేవాలి” అని నాన్నకి చెప్పారు.

“చల్లగా తేవడమంటే నాకు చెప్పాలాండీ” అన్నాడు నాన్న.

నిజమే. నాన్న ఇరవై ఏళ్ళుగా ఐసు ఫ్యాక్టరీలో మనిషి. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల మీద ఎంత ఐసు వేయాలో, ఏ ఊరు చేరేదాకా అది నిలుస్తుందో నాన్నకి చేతి లెక్క. రొయ్య పాడైతే ఐసు తక్కువైనట్టే. అంతకు మించి ఇంకో కారణం ఉంటుందని నాన్న ఎప్పుడూ అనుకోలేదు.

అక్కకి చెప్పిన రోజుకి పదిహేను రోజుల ముందే నొప్పులు వచ్చాయి. తెల్లవారి ఆరు గంటలకి మా ఊరి ఆస్పత్రిలోనే మగపిల్లాడు పుట్టాడు. సిస్టరు గారు అప్పటికే అక్కడున్నారు. పిల్లాణ్ణి తుడవగానే టీకా వేసేశారు. నాన్న మోటారు సైకిలు మీద భీమవరం వెళ్ళి, షాపు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని, మందు తీసుకుని, దార్లో ఫ్యాక్టరీ దగ్గర ఆగాడు. రొయ్యలు పంపే తెల్ల థర్మోకోల్ పెట్టె ఒకటి తీసుకున్నాడు. ఐసు పిండిలా ఆడించి, దానిలో ఉప్పు కలిపి, మందు సీసా మధ్యలో పాతిపెట్టి, మూతకి టేపు చుట్టి తెచ్చాడు. ఉప్పు కలిపితే చలి ఇంకా పెరుగుతుంది. అది కూడా ఆయనకి తెలుసు.

“రొయ్యకన్నా నా మనవడికే ఎక్కువ ఏసానండి” అన్నాడు పెట్టె దింపుతూ.

సిస్టరు గారు టేపు కోసి, చేత్తో ఐసు తవ్వి సీసా బయటికి తీశారు. వెలుతురులో పట్టుకుని వంచారు. లోపల ఏమీ కదల్లేదు. మందు గడ్డకట్టింది.

ఆవిడ అరవలేదు. సీసాని బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. “అన్నయ్యగారూ, ఇది రొయ్య కాదండీ. గడ్డకడితే దీనిలో ప్రాణం పోతుంది” అన్నారు.

నాన్న సీసా అందుకుని అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. “కరిగించేద్దామండీ” అన్నాడు. “పనికిరాదండీ” అన్నారావిడ. గోడ మీద గడియారం తొమ్మిదిన్నర దాటింది.

అప్పుడావిడ నా వైపు తిరిగారు. నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని. ఊళ్ళో ఎవరికి కరెంటు బిల్లు వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అది నాకు గొప్పగా ఉండేది. నాన్న మందు తీసుకున్నాక ముందు ఇంటికొచ్చి, “పేరు సరిగ్గా ఉందో లేదో చూడమ్మా” అని డబ్బా నాకిచ్చాడు. నేను పేరు చూసి సరేనన్నాను. డబ్బాలో మడతపెట్టిన కాగితం ఉంది. దాన్ని విప్పలేదు. నాన్న ఫ్యాక్టరీకి వెళ్తున్నానంటే కూడా నాకేమీ తట్టలేదు.

సిస్టరు గారు ఆ కాగితం విప్పి నా చేతికిచ్చారు. “చదువు. పైకి.”

చదివాను. ఎంత చల్లదనంలో ఉంచాలో, గడ్డకట్టనివ్వకూడదని, గడ్డకడితే వాడకూడదని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంది.

“మీ నాన్నకి చదువు రాదు. నీకు వచ్చు. కాగితం ఎవరు చదవాలి?” అన్నారు. అంతే. నాన్నని మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత ఏడేళ్ళలో ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత నేను ఏ మందు డబ్బాలో కాగితాన్నీ చదవకుండా పారేయలేదు.

ఇంకొకటి భీమవరంలో దొరకలేదు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే తణుకులో ఒక షాపులో ఉందని తెలిసింది. ఈసారి ఆవిడ తన నీలం క్యారియర్ ఇచ్చారు. టీకాలు మోసే పెట్టె అది. ఫ్రీజర్లో నుంచి నాలుగు ఐసు ప్యాకులు తీశారు. నాన్న వెంటనే వాటిని పెట్టెలో సర్దబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఉండండి. బల్ల మీద పెట్టండి. వాటికి చెమట పట్టాలి.”

“టైమైపోతోందండీ.”

“అవనీండి. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. ఏమైనా వినిపిస్తోందా?”

“లేదండి.”

“నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించినప్పుడు బయల్దేరాలి. ముందు కాదు.”

ఇరవై ఏళ్ళుగా ఐసుని గొడ్డలితో కొట్టిన మనిషి ఆయన. ఆ బల్ల దగ్గర నిలబడి, ప్యాకు చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. నాకు ఒకపక్క ఏడుపు, ఒకపక్క నవ్వు. చివరికి, “ఆయ్, కదిలిందండి. గలగలమంటోంది” అన్నాడు. సిస్టరు గారు కూడా విని తలాడించారు.

తణుకు వెళ్ళి రావడానికి నాన్న వెనక కూర్చుని పెట్టె ఒళ్ళో పట్టుకున్నాను. షాపులో ఆ మందు డబ్బా ఇవ్వగానే కాగితం తీసి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అక్కడే నిలబడి చదివాను. షాపాయన, “ఏంటమ్మా, పరీక్షకి చదువుతున్నావా” అన్నాడు. నాన్న, “అవునండి, పరీక్షేనండి” అన్నాడు. మూడు గంటలకి ముందే ఆస్పత్రిలో ఉన్నాం. సీసా వంచితే మందు కదిలింది. పిల్లాడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే అమ్మ వరండాలో కూలబడి దండం పెట్టుకుంది.

పాలివ్వచ్చా అని అక్క భయపడుతూ అడిగింది. “ఇవ్వకపోతే ఏం తాగుతాడు, టీ నీళ్ళా? శుభ్రంగా ఇయ్యి” అన్నారు సిస్టరు గారు.

ఇరవై ఒకటో రోజున అక్క చేత చేద వేయించాలి. మా వైపు బాలింత బావికి పూజ చేసి, నీళ్ళు తోడి, వచ్చిన ముత్తయిదువులకి పసుపు రాసి, తాంబూలమూ నానబెట్టిన శనగలూ ఇస్తుంది. మా వీధిలో బావి ఎప్పుడో పూడ్చేశారు. బోరింగు పంపుకే పసుపు, కుంకుమ పెట్టాం. అక్క సంగతి అప్పటికే ఎలాగో బయటికి పొక్కింది. పది మంది ఆడవాళ్ళు వచ్చారు కానీ పంపుకి నాలుగు గజాల దూరంలో కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డారు. అక్క శనగల పళ్ళెం పట్టుకుని అలాగే ఉంది. మండపేట నుంచి వచ్చిన అత్తగారు కూడా పిల్లాణ్ణి ఎత్తుకోకుండా పమిట సర్దుకుంటోంది.

సిస్టరు గారు యూనిఫాం చీరలోనే వచ్చారు. తిన్నగా వెళ్ళి అక్క ముందు కాళ్ళు చాపి కూర్చున్నారు. అక్క పసుపు రాసింది. ఒడిలో శనగలు పోసింది. ఆవిడ అక్కడే నోట్లో వేసుకుని నమిలారు.

“ఉప్పు తక్కువైందే. ఇంకో గుప్పెడు పెట్టు, సరిగ్గా చెప్తాను.”

“పేరంటం శనగల్లో ఉప్పేంటండీ” అంది అమ్మ.

“అందుకే తక్కువైంది” అని ఇంకో గుప్పెడు తిన్నారు. తర్వాత అక్క అత్తగారి వైపు చూసి, “వదినగారూ, నేను రెండు తొడలకీ సూదులు పొడిచి వాణ్ణి కాపాడాను. నేను పాపిష్టిదాన్నని వాడు ఒప్పుకుంటాడు. మీరేం చేశారని మీ దగ్గరికి రానంటున్నాడు?” అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ సిగ్గుపడి పిల్లాణ్ణి అందుకుంది. ఎత్తుకుంటే, ఒక కంచంలో తింటే ఇది అంటదని సిస్టరు గారు అక్కడే చెప్పారు. ఎవరి జబ్బు గురించో అనలేదు. ఊరికే ఒక సంగతి చెప్పినట్టు చెప్పారు. ఒకామె వచ్చి కాళ్ళు చాపింది. తర్వాత ఇంకొకామె. శనగలు సరిపోక అమ్మ లోపలికి పరుగెత్తింది.

తర్వాత నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి టీకాలు పడ్డాయి. ఏడాది నిండే వేళకి పిల్లాడి రక్తం తీశారు. ఏమీ లేదని కాగితం వచ్చింది. ఆ కాగితం నాన్న నాకిచ్చి, “పేరు కాదు, మొత్తం చదువు” అన్నాడు. ఇప్పుడు వాడు రెండో తరగతి. సిస్టరు గారు కనిపిస్తే తొడలు రెండు చేతులతో మూసుకుని పారిపోయేవాడు.

నేను డిప్లొమాకి ఫీజు కట్టిన రోజున ఆవిడకి చెప్పడానికి వెళ్ళాను. “రక్తం చూసి కళ్ళు తిరక్కుండా ఉంటే చాలు” అన్నారు. అంతకు మించి మెచ్చుకోలేదు. తర్వాత నా ల్యాబుకి మొదటి గర్భిణిని పంపింది మాత్రం ఆవిడే.

పెద్దకర్మ నాడు మాస్టారు గారు నాకు పుస్తకం ఇచ్చారు. మామూలు రెండొందల పేజీల నోట్‌బుక్కు. హెపటైటిస్ బి ఉన్న తల్లులకి ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేజీకి అయిదు గడులు. పుట్టిన రోజు, తర్వాత మూడు టీకాలు, ఏడాదికి రక్తపరీక్ష. పైన పేరు ఉండవలసిన చోట ఎవరి పేరూ లేదు. “కరివేపాకు” అని ఒక పేజీ. “నిమ్మచెట్టు” అని ఒకటి. “గోరింట.” “రెండు జామలు.” ఎవరి పెరట్లో ఏముంటే అదే వాళ్ళ పేరు. పుస్తకం ఎవరి చేతిలో పడ్డా ఎవరి సంగతీ బయటపడకూడదని అలా రాసుకున్నారని నాకు అర్థమైంది.

మా పెరట్లో ఏ మొక్కా లేదు. ఫ్యాక్టరీ వెనక అద్దె గది, ముందు సిమెంటు నేల. అక్క పేజీ ఎక్కడుందోనని వెతికాను. పైన “ఐసు” అని ఉంది. అయిదు గడులూ నిండి ఉన్నాయి. అడుగున పెన్సిలుతో చిన్న అక్షరాలు: “తాతగారు వినడం నేర్చుకున్నారు.” నాన్నకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు.

అన్ని పేజీల్లోనూ అయిదో గడి నిండింది. ఒక్క చివరి పేజీలో తప్ప. దాని పేరు “కనకాంబరాలు.” ఆవిడ రిటైరయ్యే ముందు వారంలో పుట్టిన పాప అది. నాలుగు గడుల్లో తేదీలున్నాయి. అయిదోది ఖాళీ. పుట్టిన తేదీని బట్టి ఆస్పత్రి రిజిస్టరులో పట్టుకున్న ఫోన్ నంబరు మోగడం లేదు. ఇంటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. కుటుంబమంతా కడియం వైపు మొక్కల నర్సరీల్లో పనికి వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఏ నర్సరీయో తెలియదు. రెండు రోజులు సెలవు పెట్టి అక్కడ తిరిగాను. మాస్టారు గారు చెప్పింది ఏంటంటే, పోయే ముందు నెలలో సిస్టరు గారు కూడా ఒకసారి బస్సెక్కి అక్కడికి వెళ్ళి, ఎండలో తిరిగి, వట్టి చేతులతో వచ్చారట.

ఆ అమ్మాయి పేరు నాకు తెలుసు. కానీ సిస్టరు గారు రాయని పేరు నేను రాయను. అమ్మాయ్, నీ గుమ్మం పక్కన కనకాంబరాలుండేవి. సిస్టరు గారు వచ్చినప్పుడల్లా కోసి మాల కట్టి ఇచ్చేదానివట. నీకు గుర్తుంటుంది. టీకాలన్నీ సరిగ్గా పడ్డాయి కాబట్టి భయపడవలసింది లేదు. అయినా రక్తం చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. వచ్చే నెల ఇరవయ్యో తేదీకి పాపకి ఏడాది నిండుతుంది. ఆ లోపే దగ్గర్లో ఏ ప్రభుత్వాస్పత్రికైనా తీసుకెళ్ళి ఆ పరీక్ష అడుగు. లేదా నా దగ్గరికి రా, నేనే తీస్తాను.

కడియం చుట్టుపక్కల ఇది చదువుతున్నవారికి ఒక మనవి. మీ తోటలో పనికి వచ్చినవాళ్ళలో చంటిపాప తల్లులు ఉంటారు. ఏ ఒక్కరినీ వేరుగా పిలిచి అడగకండి. మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నప్పుడు ఈ చివరి ముక్క అందరికీ పైకి చదివి వినిపించండి. చదువు వచ్చినవాళ్ళం మనమే కదా చదవాలి.

ఆ ఇరవయ్యో తేదీ లోపు ఈ పత్రిక చిరునామాకి జవాబు పంపితే నాకు అందజేస్తారు. పేరు వద్దు, ఊరు వద్దు. రాయడం రాకపోయినా పరవాలేదు. పరీక్ష అయిపోయిందని తెలియడానికి కవరులో ఒక్క కనకాంబరం పెట్టి పంపినా చాలు. తొందరగా వాడే పువ్వు కాదు అది. పోస్టులో వచ్చేదాకా ఆ రంగు ఉంటుంది.